ఇ.జి.ఆర్. కవాటం: లోప నిర్ధారణ, మరమ్మతు

ఇ.జి.ఆర్. కవాటం మోటారు వాహనాల ఇంజనులో ఉండే ఒక చిన్న భాగం. ఇంజను విడిచే పొగలో కొంత భాగాన్ని బయటికి పోనివ్వకుండా వెనుకకు మళ్ళించి, తిరిగి ఇంజను లోనికే పంపే మార్గానికి ఇది తలుపు వంటిది. ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్ అనే మాటలకు సంక్షిప్త రూపమే ఇ.జి.ఆర్. దీనిని తెలుగులో వ్యర్థవాయు పునఃప్రసరణ కవాటం అనవచ్చును. మెకానిక్కుల వాడుకలో మాత్రం ఇది ఈజీఆర్ వాల్వు.

కారులో ఇంజను బొమ్మ గల హెచ్చరిక దీపం వెలగడానికి తరచుగా కనబడే కారణాలలో ఇ.జి.ఆర్. వ్యవస్థలోని లోపం ఒకటి. అప్పుడు వాహన యజమాని ముందు మూడు మార్గాలు ఉంటాయి: కవాటాన్ని శుభ్రపరచడం, కొత్తది వేయించడం, లేదా రేకు అడ్డుపెట్టి దానిని శాశ్వతంగా మూసివేయడం. మొదటిది చౌక, రెండవది ఖరీదైనది, మూడవది చట్టవిరుద్ధమూ ఇతరులకు హానికరమూ. ఏది అవసరమో తెలియాలంటే ముందుగా లోపం ఎక్కడ ఉన్నదో నిర్ధారించాలి. దీపం వెలిగినంత మాత్రాన కవాటమే చెడిపోయిందని అనుకోరాదు. ఆ తొందరపాటు వలన బాగున్న కవాటాన్ని తీసి పారవేసి, అసలు లోపాన్ని అలాగే వదిలివేసే ప్రమాదం ఉన్నది.

పొగను తిరిగి లోనికి పంపడం ఎందుకు?

మనం పీల్చే గాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ఆమ్లజని ఉంటాయి. మామూలు ఉష్ణోగ్రతల వద్ద ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. కాని ఇంజను సిలిండరులో ఇంధనం మండేటప్పుడు మంట ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా చేరుతుంది. సుమారు 1500 డిగ్రీలు దాటిన తరువాత నత్రజని, ఆమ్లజని కలిసి నత్రజని ఆక్సైడులుగా మారే వేగం విపరీతంగా పెరుగుతుంది. ఈ రసాయన చర్య జరిగే తీరును 1940లలో సోవియట్ శాస్త్రవేత్త యాకొవ్ జెల్డోవిచ్ వివరించాడు. అందువలన దీనిని జెల్డోవిచ్ ప్రక్రియ అంటారు.

నత్రజని ఆక్సైడులు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఉబ్బసం ఉన్నవారిని మరింత బాధిస్తాయి. ఎండలో ఇవి ఇంధనపు ఆవిరులతో కలిసి నేలకు దగ్గరగా ఓజోనును పుట్టిస్తాయి. ఆకాశంలో ఎత్తున ఉన్న ఓజోను మనకు గొడుగు, నేల మీది ఓజోను మనకు విషం. ఆమ్ల వర్షాలకు గల కారణాలలో కూడా నత్రజని ఆక్సైడులు ఒకటి.

వీటిని తగ్గించాలంటే మంట వేడిని కొంత తగ్గించాలి. నిప్పుల మీద నివురు కప్పితే అవి ఆరిపోవు గాని వేడి తగ్గి నెమ్మదిగా రగులుతాయి. సిలిండరులో తిరిగి ప్రవేశించిన పొగ అటువంటి నివురు వలెనే పనిచేస్తుంది. ఒకసారి మండిన వాయువులో కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, నత్రజని ఎక్కువగా ఉంటాయి. ఇవి మళ్ళీ మండవు. తాజా గాలిలో కొంత భాగం స్థానాన్ని ఇవి ఆక్రమించడం వలన ఆమ్లజని పాలు తగ్గుతుంది. పైగా కార్బన్ డయాక్సైడుకు, నీటి ఆవిరికి వేడిని పీల్చుకునే గుణం గాలికంటె ఎక్కువ. ఈ రెండు కారణాల వలన మంట గరిష్ఠ ఉష్ణోగ్రత తగ్గి, నత్రజని ఆక్సైడుల ఉత్పత్తి బాగా తగ్గుతుంది.

ఇలా మళ్ళించే పొగ పాలు పెట్రోలు ఇంజనులలో సాధారణంగా 5 నుండి 15 శాతం దాకా ఉంటుంది. డీజిలు ఇంజనులలో, ఇంజను మీద భారం తక్కువగా ఉన్నప్పుడు, ఇది 50 శాతం వరకు ఉండవచ్చు.

చరిత్ర

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని కమ్మివేస్తూ వచ్చిన పొగమంచుకు కారణం వాహనాలు, కర్మాగారాలు వదిలే ఇంధనపు ఆవిరులు, నత్రజని ఆక్సైడులు ఎండలో కలిసి జరిపే చర్యలేనని 1950ల మొదట్లో రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్ నిరూపించాడు. 1970లో అమెరికాలో వచ్చిన పరిశుద్ధ వాయు చట్టం కార్ల పొగ మీద కఠినమైన పరిమితులు విధించింది. దాని ఫలితంగా 1970ల తొలి సంవత్సరాలలోనే ఇ.జి.ఆర్. కవాటాలు అమెరికా కార్లలో విరివిగా కనబడసాగాయి.

భారతదేశంలో ఈ కవాటం ప్రాముఖ్యం భారత్ స్టేజ్ ప్రమాణాలతో పెరిగింది. నాలుగవ దశ ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా కొన్ని పెద్ద నగరాలలో అమలులోకి వచ్చి, 2017 ఏప్రిల్ 1 నాటికి దేశమంతటికీ విస్తరించాయి. అయిదవ దశను వదలి, 2020 ఏప్రిల్ 1 నుండి నేరుగా ఆరవ దశను అమలు చేశారు. డీజిలు కారు ఒక కిలోమీటరుకు వదలదగిన నత్రజని ఆక్సైడుల పరిమితి నాలుగవ దశలో 0.25 గ్రాములు ఉండగా, ఆరవ దశలో అది 0.08 గ్రాములకు తగ్గింది.

రకాలు

పాత వాహనాలలోని కవాటం శూన్యపీడనంతో పనిచేస్తుంది. ఇంజను గాలిని పీల్చుకునేటప్పుడు, లేదా వాక్యూమ్ పంపు తిరిగేటప్పుడు, ఏర్పడే శూన్యపీడనం ఒక సన్నని రబ్బరు గొట్టం ద్వారా కవాటం మీది డొప్పలోకి వస్తుంది. డొప్పలో ఉన్న రబ్బరు పొర, అనగా డయాఫ్రమ్, పైకి లేచి, దానికి తగిలించిన ఇనుప కాడను లాగుతుంది. కాడ చివర ఉన్న బిరడా లేవగానే పొగకు దారి దొరుకుతుంది.

కొత్త వాహనాలలోని కవాటం విద్యుత్తుతో పనిచేస్తుంది. అందులో చిన్న మోటారు గాని, విద్యుదయస్కాంతపు చుట్ట గాని ఉంటుంది. కవాటం ఎంత తెరుచుకున్నదో కంప్యూటరుకు తెలిపే సెన్సారు కూడా అందులోనే ఇమిడి ఉంటుంది. డీజిలు వాహనాలలో కవాటంతో పాటు పొగను చల్లార్చే కూలరు కూడా తరచుగా ఉంటుంది. అందులో రేడియేటరు నీరు ప్రవహిస్తుంది.

కొన్ని ఇంజనులలో విడిగా కవాటమే ఉండదు. సిలిండరు వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చి, పొగలో కొంత లోపలే నిలిచిపోయేటట్లు చేస్తారు. కాబట్టి వెదకే ముందు మీ వాహనంలో ఇది ఉన్నదో లేదో కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి.

కవాటం ఎప్పుడు తెరుచుకొని, ఎప్పుడు మూసుకొని ఉండాలో తెలియకుండా దాని లోపాన్ని కనిపెట్టలేము. పెట్రోలు ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఊరక నిలబడి తిరుగుతున్నప్పుడు, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు కవాటం సాధారణంగా మూసి ఉంటుంది. మధ్యరకం వేగంతో నిలకడగా సాగుతున్నప్పుడు తెరుచుకుంటుంది. వేడెక్కిన డీజిలు ఇంజనులో నిలబడి తిరుగుతున్నప్పుడు, భారం తక్కువగా ఉన్నప్పుడు కూడా తెరిచి ఉంటుంది; పూర్తి భారం పడినప్పుడు మూసుకుంటుంది.

చెడిపోవడానికి కారణాలు

వంటింట్లో పొగను బయటికి తోసే ఫ్యాను రెక్కలను పరిశీలిస్తే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. పొడి మసి మాత్రమే అయితే దులిపితే రాలిపోతుంది. నూనె ఆవిరి దానితో కలిసినప్పుడే జిగురుగా పట్టుకొని గట్టిపడుతుంది. ఇంజనులోనూ ఇదే జరుగుతుంది. పొగలోని మసి ఒక వైపు నుండి, ఇంజను అడుగు భాగం నుండి వచ్చే ఆయిలు ఆవిరి మరొక వైపు నుండి వచ్చి, గాలి లోనికి పోయే మార్గంలో కలుస్తాయి. రెండూ కలిసి తారు వంటి పూతగా పేరుకొంటాయి. కాలక్రమాన బిరడా సరిగా కూర్చోదు, కాడ కదలదు, మార్గం సన్నబడుతుంది.

ఈ పూత త్వరగా పేరుకోవడానికి దోహదపడే పరిస్థితులు:

* ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ముగిసే చిన్న చిన్న ప్రయాణాలు
* నగరపు రద్దీలో గంటల తరబడి తక్కువ వేగంతో నడపడం
* ఆయిలు మార్చవలసిన గడువు దాటిపోవడం, కంపెనీ చెప్పిన రకం కాక వేరొకటి వాడడం
* ఇంజెక్టర్లు సరిగా చిమ్మక పోవడం వలన మసి ఎక్కువ కావడం
* టర్బో సీళ్ళు అరిగి ఆయిలు గాలిమార్గంలోకి కారడం

చివరి రెండింటిలో ఏదైనా ఉంటే కవాటాన్ని ఎన్నిసార్లు శుభ్రపరచినా, చివరకు కొత్తది వేసినా, కొద్ది నెలలలో మళ్ళీ అదే స్థితి వస్తుంది.

మసి కాక ఇతర కారణాలూ ఉన్నాయి. రబ్బరు పొర చిరగడం, శూన్యపీడనపు గొట్టం పగలడం, మోటారు కాలిపోవడం, లోపలి ప్లాస్టిక్ పళ్ళచక్రం విరగడం, వైరు తెగడం, విద్యుత్ కనెక్టరులో తుప్పు చేరడం వీటిలో ముఖ్యమైనవి.

లక్షణాలు

కవాటం తెరుచుకొని ఇరుక్కుపోతే, పొగ అవసరం లేని వేళ కూడా లోనికి పోతుంది. అప్పుడు కనిపించే లక్షణాలు:

* నిలబడి ఉన్నప్పుడు ఇంజను వణకడం, ఒక్కొక్కసారి ఆగిపోవడం
* చల్లని ఇంజను స్టార్టు కావడానికి మొరాయించడం
* యాక్సిలరేటరు తొక్కినా బండి లాగకపోవడం
* డీజిలు వాహనంలో నల్లటి పొగ రావడం

కవాటం మూసుకొని ఇరుక్కుపోతే, పొగ అవసరమైన వేళ కూడా లోనికి పోదు. పెట్రోలు ఇంజనులో మధ్యరకం భారం మీద గలగలమనే లోహపు శబ్దం రావచ్చు. దీనినే నాకింగ్ అంటారు. డీజిలు ఇంజనులో నడిపేవారికి పెద్దగా తేడా తెలియకపోవచ్చు, బండి మునుపటికంటె హుషారుగా ఉన్నట్లు కూడా అనిపించవచ్చు. నత్రజని ఆక్సైడులకు రంగు గాని వాసన గాని అంతగా తెలిసే మోతాదు వెనుక నిలబడినవారికి అందదు గనుక, హాని జరుగుతున్నట్లు ఎవరికీ కనబడదు. దీపం ఒక్కటే ఆ సంగతి చెబుతుంది.

లోప సంకేతాలు

వాహనపు కంప్యూటరు తాను గమనించిన లోపాన్ని ఒక సంకేతం రూపంలో దాచి ఉంచుతుంది. డ్రైవరు వైపు డాష్‌బోర్డు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలించి దీనిని చదవవచ్చు. ఇ.జి.ఆర్.కు సంబంధించిన ముఖ్య సంకేతాలు:

* పి0400 - ప్రవాహంలో లోపం
* పి0401 - ప్రవాహం చాలనంత లేదు
* పి0402 - ప్రవాహం మితిమీరి ఉంది
* పి0403 - నియంత్రణ విద్యుత్ వలయంలో లోపం
* పి0404 - నియంత్రణ వలయం పనితీరు ఉండవలసిన పరిధిలో లేదు
* పి0405 - స్థితిని తెలిపే సెన్సారు సంకేతం మరీ తక్కువ
* పి0406 - స్థితిని తెలిపే సెన్సారు సంకేతం మరీ ఎక్కువ

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. పి0401 అంటే పొగ చాలినంత రావడం లేదని మాత్రమే అర్థం. కుళాయిలో నీరు రాకపోతే కుళాయి చెడిపోయి ఉండవచ్చు, గొట్టం పూడిపోయి ఉండవచ్చు, తొట్టి ఖాళీగా ఉండవచ్చు. నీరు వస్తున్నా కొలిచే మీటరు తప్పు చూపుతూ ఉండవచ్చు. సంకేతం ఫిర్యాదును తెలుపుతుందే గాని తీర్పు చెప్పదు.

నిర్ధారణ క్రమం

1. సంకేతాలన్నీ రాసుకోవడం. ఇ.జి.ఆర్. సంకేతం ఒక్కటే ఉన్నదా, వేరేవి కూడా ఉన్నాయా చూడాలి. లోపం నమోదైన క్షణాన ఇంజను వేగం, ఉష్ణోగ్రత, భారం ఎంతో కూడా స్కానరు చూపుతుంది. రాసుకొనక ముందే సంకేతాన్ని చెరిపివేస్తే ఈ సమాచారమంతా పోతుంది.

2. కంటితో పరిశీలించడం. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, రబ్బరు గొట్టాలు పగిలాయా, ఊడిపోయాయా, కనెక్టరు వదులుగా ఉన్నదా, గాస్కెట్టు చుట్టూ మసి చారలు ఉన్నాయా చూడాలి. పగిలిన రబ్బరు గొట్టం ఒక్కటి మార్చడంతో సమస్య తీరే సందర్భాలున్నాయి.

3. శూన్యపీడన పరీక్ష. ఇది పాత రకం కవాటాలకు. వేడెక్కిన ఇంజనును నిలకడగా తిరగనిచ్చి, కవాటం మీది గొట్టం తీసి, చేతి పంపుతో శూన్యపీడనం కల్పించాలి. ఫలితాలను ఇలా అర్థం చేసుకోవాలి:

* ఇంజను తడబడినా, ఆగిపోయినా కవాటమూ మార్గమూ బాగున్నట్లే. లోపం కవాటాన్ని నడిపే శూన్యపీడనం వైపు, లేదా ప్రవాహాన్ని కొలిచే సెన్సారు వైపు ఉంటుంది.
* కాడ కదిలినా ఇంజనులో మార్పు లేకపోతే పొగ మార్గం పూడిపోయింది.
* పీడనం నిలిచి ఉన్నా కాడ కదలకపోతే అది మసితో బిగుసుకుపోయింది.
* పీడనం నిలవకుండా జారిపోతే రబ్బరు పొర చిరిగింది.

అయితే కొన్ని కవాటాలు పొగగొట్టంలో తగినంత ఒత్తిడి ఏర్పడితేనే శూన్యపీడనాన్ని నిలుపుకొనేటట్లు తయారయ్యాయి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వాటిలో పీడనం జారిపోవడం సహజమే. ఆ రకం అవునో కాదో కంపెనీ పుస్తకంలో చూసుకొన్న తరువాతనే చిరిగిందని తీర్మానించాలి.

4. ఆజ్ఞను, స్థితిని పోల్చడం. ఇది విద్యుత్ కవాటాలకు. కవాటం ఎంత తెరుచుకోవాలని కంప్యూటరు కోరుతున్నదో, నిజంగా ఎంత తెరుచుకున్నదో స్కానరులో పక్కపక్కన చూడవచ్చు. మూసుకోమన్న తరువాత కూడా కొంత తెరిచి ఉన్నట్లు చూపితే బిరడా కింద మసి అడ్డుపడి ఉండవచ్చు. ఎంత ఆజ్ఞాపించినా అంకె కదలకపోతే మోటారు, వైర్లు, సెన్సారు, బిగుసుకుపోయిన కాడ, వీటిలో ఏదైనా కావచ్చు.

5. గాలి కొలతను గమనించడం. డీజిలు ఇంజనులో ఇది చాలా ఉపయోగకరమైన పరీక్ష. సిలిండర్లు పీల్చుకొనే మొత్తం దాదాపు స్థిరం. కాబట్టి పొగ ఎక్కువగా వస్తే తాజా గాలి ఆ మేరకు తగ్గాలి. స్కానరు ద్వారా కవాటాన్ని తెరిపిస్తూ, మూయిస్తూ గాలిని కొలిచే సెన్సారు అంకెను చూడాలి. తెరిచినప్పుడు అంకె తగ్గి, మూసినప్పుడు పెరిగితే పొగ నిజంగా ప్రవహిస్తున్నట్లు. కవాటం కదులుతున్నదని స్కానరు చెప్పినా గాలి అంకె మారకపోతే మార్గం గాని, కూలరు గాని పూడిపోయింది.

6. విద్యుత్ పరీక్ష. మోటారు కవాటాలలో చాలావాటికి అయిదు తీగలుంటాయి. రెండు మోటారుకు, మూడు సెన్సారుకు. సెన్సారు తీగలలో ఒకదానిలో 5 వోల్టులు, ఒకదానిలో భూమి, మూడవదానిలో స్థితిని బట్టి మారే సంకేతం ఉండాలి. మల్టీమీటరుతో వీటిని సరిచూడాలి. చుట్ట నిరోధం ఎంత ఉండాలో వాహనాన్ని బట్టి మారుతుంది. 5 వోల్టులు కనెక్టరు దాకా రాకపోతే లోపం కవాటంలో లేదు, తీగలో ఉంది.

7. విప్పి చూడడం. పై పరీక్షలు కవాటం వైపు వేలు చూపినప్పుడే ఈ పని చేయాలి.

కవాటం మీదికి వచ్చే ఇతర దోషాలు

గాలిని కొలిచే సెన్సారు మురికిపట్టి ఉన్నదానికంటె తక్కువ చూపితే, పొగ ఎక్కువగా వస్తున్నదని కంప్యూటరు పొరబడుతుంది. టర్బో నుండి ఇంజనుకు పోయే గొట్టం పగిలి గాలి బయటికి పోతే, సెన్సారు దాటిన గాలి అంతా ఇంజనుకు చేరదు. అప్పుడు కొలత ఎక్కువగా ఉండి, పొగ చాలడం లేదని కంప్యూటరు తలుస్తుంది. రెండు సందర్భాలలోనూ కవాటం నిర్దోషి. మసి వడపోత నిండిపోయినా, ఇంజెక్టరు కారుతున్నా బండి లాగకపోవడం, నల్లపొగ వంటి లక్షణాలే కనబడతాయి.

శుభ్రపరచే విధానం

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, గాలి బాగా ఆడే చోట ఈ పని చేయాలి. శుభ్రపరచే ద్రావకాలు సులభంగా అంటుకుంటాయి. కాబట్టి దగ్గరలో నిప్పు ఉండరాదు. కళ్ళజోడు, చేతి తొడుగులు తప్పనిసరి. మసి పీల్చరాదు గనుక ముక్కుకు మాస్కు కూడా ఉండాలి.

* బ్యాటరీ రుణధ్రువపు తీగను తీయాలి.
* కవాటానికి లేదా కూలరుకు నీటి గొట్టాలు ఉంటే నీటిని ముందుగా శుభ్రమైన పాత్రలోకి దించాలి.
* కనెక్టరును, గొట్టాలను తీసి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. తీయక ముందే ఫొటో తీసుకోవడం మంచిది.
* వేడికి బిగుసుకుపోయిన బోల్టులను బలవంతంగా తిప్పితే తెగిపోతాయి. తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు ఆగాలి.
* కవాటం తీసిన వెంటనే ఇంజను వైపు రంధ్రంలో గుడ్డ కుక్కాలి. గట్టి మసి పెళ్ళ సిలిండరులో పడితే చిన్న మరమ్మతు పెద్దదవుతుంది.
* పేరుకున్న మసిని చెక్కపుల్లతో, నైలాను బ్రష్షుతో గీకాలి. బిరడా కూర్చునే అంచును ఇనుప పనిముట్టుతో గీకితే గాట్లు పడి కవాటం ఇక సరిగా మూసుకోదు.
* కార్బురెటరు శుభ్రపరచే స్ప్రేను, లేదా ఇ.జి.ఆర్. కోసమే అమ్మే స్ప్రేను కొట్టి, నాననిచ్చి, తుడవాలి. విద్యుత్ భాగాన్ని ద్రావకంలో ముంచరాదు. స్ప్రే అందులోకి కారకుండా కవాటాన్ని తలకిందులుగా పట్టుకోవాలి.
* కాస్టిక్ సోడా కలిసిన ద్రావకాలు అల్యూమినియంను తినివేస్తాయి గనుక వాడరాదు.
* మోటారు కవాటపు కాడను బలవంతంగా తోయరాదు, లోపలి పళ్ళచక్రాలు విరుగుతాయి.
* కవాటంతో పాటు పొగ వచ్చే మార్గాన్ని కూడా శుభ్రపరచాలి. పి0401 తిరిగి రావడానికి ఈ పని మరచిపోవడం ఒక ముఖ్య కారణం.
* పూర్తిగా ఆరిన తరువాత, కుక్కిన గుడ్డ తీసివేసి, కొత్త గాస్కెట్టుతో బిగించాలి. ఎంత బిగించాలో కంపెనీ చెప్పిన కొలత ప్రకారం టార్క్ రెంచితో బిగించాలి.

తిరిగి అమర్చిన తరువాత నీరు నింపి, సంకేతాన్ని చెరపాలి. చాలా వాహనాలలో కవాటపు మూసిన స్థితిని, తెరిచిన స్థితిని కంప్యూటరుకు మళ్ళీ నేర్పవలసి ఉంటుంది. ఇది స్కానరుతో చేసే పని. చివరగా నగరంలోనూ, ఖాళీ రోడ్డు మీద నిలకడ వేగంతోనూ నడిపి చూడాలి. కంప్యూటరు ఈ పరీక్షను కొన్ని ప్రత్యేక పరిస్థితులలోనే జరుపుకుంటుంది. కాబట్టి మొదటి రోజు దీపం వెలగలేదని పని పూర్తయినట్లు భావించరాదు. రెండు మూడు ప్రయాణాల తరువాత స్కానరుతో మళ్ళీ చూడాలి.

ఎప్పుడు మార్చాలి?

రబ్బరు పొర చిరిగినా, మోటారు కాలినా, పళ్ళచక్రం విరిగినా, సెన్సారు అరిగి సంకేతం ఎగిరెగిరి పడుతున్నా, బిరడా అంచు గుంటలు పడినా శుభ్రపరచడం వలన ప్రయోజనం ఉండదు. అప్పుడు కొత్తది వేయవలసిందే.

కూలరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రేడియేటరు నీరు బయట ఎక్కడా కారకుండానే తగ్గిపోతున్నా, పొగ తెల్లగా తీపి వాసనతో వస్తున్నా కూలరు లోపల కారుతూ ఉండవచ్చు. 2018లో దక్షిణ కొరియాలో బి.ఎం.డబ్ల్యు. డీజిలు కార్లు వరుసగా అంటుకున్నాయి. ఇ.జి.ఆర్. కూలరు నుండి కారిన ద్రవం మసి, ఆయిలు పూతతో కలిసి వేడికి రాజుకున్నదని ఆ సంస్థ తెలిపింది. అదే సంవత్సరం అక్టోబరులో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల వాహనాలకు ఆ తనిఖీని విస్తరించింది. కారుతున్న కూలరును అతికించి వాడడం క్షేమం కాదు.

మూసివేయడం మరమ్మతేనా?

కవాటానికి రేకు అడ్డుపెట్టడం, లేదా కంప్యూటరు ప్రోగ్రామును మార్చి దానిని నిద్రపుచ్చడం కొన్ని షెడ్లలో చేస్తున్నారు. మసి పట్టదు, బండి హుషారుగా ఉంటుంది, ఖర్చు తక్కువ అన్నది వారి వాదన. మసి విషయంలో అందులో కొంత నిజం ఉన్నది. కాని ఆ లాభం యజమానికి, నష్టం రోడ్డు మీది వారందరికీ. పెట్రోలు వాహనపు పొగగొట్టంలోని ఉత్ప్రేరకం నత్రజని ఆక్సైడులను చాలావరకు విడగొట్టగలదు. డీజిలు పొగలో ఆమ్లజని మిగిలి ఉండడం వలన ఆ ఉత్ప్రేరకం అక్కడ ఆ పని చేయలేదు. యూరియా ద్రవం వంటి ఇతర ఏర్పాట్లు లేని పాత డీజిలు వాహనంలో ఇ.జి.ఆర్. ఒక్కటే రక్షణ.

కాలుష్య ధ్రువీకరణ పత్రం వచ్చింది కదా అని కొందరు సమాధానపడతారు. ఆ తనిఖీలో పెట్రోలు వాహనాలకు కార్బన్ మోనాక్సైడును, మండని ఇంధనాన్ని కొలుస్తారు, డీజిలు వాహనాలకు పొగ నలుపును కొలుస్తారు. నత్రజని ఆక్సైడులను కొలవరు. ఇ.జి.ఆర్. మూసివేసిన డీజిలు బండి పొగ నలుపు తగ్గి ఇంకా సులభంగా నెగ్గవచ్చు. అందువలన ఆ పత్రం ఈ విషయంలో సాక్ష్యం కాజాలదు.

పరీక్షలో ఒక రకంగా, రోడ్డు మీద మరొక రకంగా ప్రవర్తించే వాహనాల వలన ఎంత అనర్థమో 2015 సెప్టెంబరులో బయటపడిన ఫోక్స్‌వాగన్ వ్యవహారం లోకానికి చూపింది. అమెరికాలో అమ్మిన సుమారు 4,82,000 డీజిలు కార్లలో పరీక్షను గుర్తుపట్టే ప్రోగ్రాము ఉన్నదని, రోడ్డు మీద అవి పరిమితికి 40 రెట్ల వరకు నత్రజని ఆక్సైడులను వదులుతున్నాయని అక్కడి పర్యావరణ సంస్థ ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా అటువంటి కార్లు సుమారు 1.1 కోట్లు ఉన్నట్లు ఆ కంపెనీ అంగీకరించింది. రేకు అడ్డుపెట్టిన బండి చేసేది కూడా, చిన్న ఎత్తున, అదే పని.

భారత మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. వాయు కాలుష్య ప్రమాణాలను అతిక్రమించిన వాహనం నడిపితే 190వ సెక్షను కింద శిక్ష ఉన్నది. 2019 సవరణ ప్రకారం మొదటి తప్పుకు పదివేల రూపాయల వరకు జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు.

నివారణ

ఆయిలును, గాలి వడపోతను గడువు ప్రకారం మార్చడం, కంపెనీ చెప్పిన రకం ఆయిలే వాడడం మొదటి జాగ్రత్త. నగరంలోనే తిరిగే డీజిలు వాహనాన్ని అప్పుడప్పుడు హైవే మీద అరగంటకు తగ్గకుండా నిలకడ వేగంతో నడిపితే మసి పేరుకునే వేగం తగ్గుతుంది. బండి ఆపి ఉంచి ఇంజనును చాలాసేపు తిప్పడం మానాలి. తక్కువ దూరాలకు డీజిలు వాహనం కొనకపోవడం అన్నిటికంటె మంచి నివారణ.

దీపం వెలిగినప్పుడు షెడ్డుకు తీసుకువెళ్ళి మొదట అడగవలసినది కవాటం ధర ఎంత అని కాదు. ఏ సంకేతం వచ్చింది, మార్గం తెరిచి ఉన్నదా, కవాటం కదులుతున్నదా, గాలి కొలత మారుతున్నదా అని అడగాలి. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికితే శుభ్రపరచాలో, మార్చాలో, లేక లోపాన్ని మరొక చోట వెదకాలో దానంతట అదే తేలుతుంది.